ఆడబిడ్డ పట్టుకున్న వాకిలి

మా వైపు కొత్త పెళ్ళికూతురికి అత్తగారింట్లో మొదట ఎదురయ్యేది అత్త కాదు, ఆడబిడ్డ. గడప లోపల నిలబడి, రెండు చేతులూ చాపి, ద్వారబంధాన్ని రెండు పక్కలా పట్టుకుని దారికి అడ్డం నిలుస్తుంది. కొత్త జంట గడప బయటే ఆగాలి. "మా వాకిట్లో నిలబడిండేది ఎవురు? పేర్లు చెప్తేనే దోవ" అని ఆడబిడ్డ అడగాలి. పెళ్ళికొడుకు పెళ్ళాం పేరు చెప్పాలి, పెళ్ళికూతురు మొగుడి పేరు చెప్పాలి. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న కాలం అది. పలకవలసి వచ్చేది ఆ గడప దగ్గర ఒక్కసారే. అందుకే అక్కడ అంత సిగ్గు, అంత నవ్వులాట. ఆడబిడ్డ చేతులు దించేదాకా ఎంత పెద్దమనిషైనా ఎండలో నిలబడవలసిందే. మిగతా రోజుల్లో ఇంట్లో ఆడపిల్ల మాట ఎంత చెల్లుతుందో అందరికీ తెలుసు. ఆ ఒక్క పూట మాత్రం వాకిలి ఆమెది.

నాకు పెళ్ళయింది డెబ్బైల మొదట్లో. మా పుట్టిల్లు ఊత్తుకోట దగ్గర పల్లె. అత్తగారి ఊరు తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ మధ్య, రైలు పట్టాల పక్కన. వేరుశనగ, కాస్త వరి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో అరవం. ఆ ఇంట్లో గడియారం ఉండేది కాదు. రైళ్ళే మాకు గడియారం. పొద్దున మద్రాసు బండి కూత వినబడితే పాలు పితకడానికి లేవాలి. సాయంత్రం నాలుగున్నర బండి పోతే పొయ్యి అంటించాలి.

నా ఆడబిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. మా ఆయనకూ మా మరిదికీ ఒక్కతే చెల్లెలు, కడగొట్టు బిడ్డ. నేను బండి దిగి తల వంచుకుని గడప ముందు నిలబడ్డప్పుడు మొదట కనబడింది పచ్చ పావడ అంచు, దాని కింద పసుపు రాసిన రెండు చిన్న పాదాలు. చేతులు చాపితే రెండు పక్కలూ అందక ఒక పక్కే పట్టుకుని నిలబడింది. అది చూసి అందరూ నవ్వారు. పిల్ల పెదాలు గట్టిగా మూసుకుని "మ్... మ్... మ్..." అంది. ఆటేమో అనుకుని తల కొంచెం ఎత్తి చూశాను. ఆట కాదు. మెడ నరాలు పైకి లేచి ఉన్నాయి. కళ్ళు రెప్ప వేయడం లేదు. మాట పెదాల వెనక నిలబడి తోస్తోంది, పెదాలు తెరుచుకోవడం లేదు.

"లోపల దూడను గాని కట్టేసుండారా?" అన్నాడు వెనక నుంచి ఎవరో. గొల్లున నవ్వారు.

మా అత్త ముఖం మాడిపోయింది. "నువ్వు రామ్మే, నువ్వడుగు" అని మా మామగారి అన్న కూతురిని ముందుకు తోసింది. ఆ అమ్మాయికి పదిహేనేళ్ళుంటాయి. ఒక్క గుక్కలో అడిగేసింది. మా ఆయన నా పేరు చెప్పాడు. నా వంతు వచ్చేసరికి నాకు నోరు పెగల్లేదు. వెనకున్న ఆడవాళ్ళు "చెప్పేసింది, చెప్పేసింది, మాకు వినబడింది" అని ఆ పేరు వాళ్ళే అరిచేశారు. నేను కుడికాలు పెట్టి లోపలికి వచ్చాను. అప్పటికే చిన్నపిల్ల ఆ అక్క చంక కింద నుంచి దూరి ఎటో వెళ్ళిపోయింది. పొద్దుగూకాక వెతికితే వడ్లు పోసే కుదురు వెనక నిద్రపోతూ దొరికింది.

ఆ తర్వాత చాలా రోజులు నన్ను వదినా అని పిలవలేదు. నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. నీళ్ళు కావాలంటే చెంబు తెచ్చి నా ముందు పెట్టేది. జడ వేయమంటే దువ్వెన తెచ్చి ఒళ్ళో పడేసేది. మాట మాత్రం లేదు.

ఆ ఇంట్లో ఆ పిల్లతో మాట్లాడని వాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ పిల్లను మాట్లాడనిచ్చిన వాళ్ళూ లేరు. "అ... అ..." అనగానే "అన్నం కావాల్నా?" అని మా అత్త కంచం పెట్టేసేది. పిల్ల అడగబోయింది అన్నాన్ని గురించి కావచ్చు, అన్నం కాకపోవచ్చు, తిని లేచేది. మా మరిది ఇంకా వేగం. మొదటి అక్షరం వినగానే మూడు మాటలు అందించి "ఇదేనా? ఇదేనా?" అనేవాడు. పిల్ల మేనమామ ఒకాయన రైల్వేలో పని చేసేవాడు, చేతికి వాచీ ఉండేది. ఆయనకు మేనకోడలంటే ప్రాణం. ఆమె నోరు తెరిస్తే ఆయన నోరు కూడా తెరుచుకునేది, చంటిపిల్లకు బువ్వ పెట్టే తల్లిలాగా. వాళ్ళందరూ చేసింది ప్రేమతోనే. కానీ ఆ ఇంట్లో ఆ పిల్ల మొదలుపెట్టిన మాటను ఆ పిల్ల ముగించగా నేను వినలేదు.

మా అత్త చేయని వైద్యం లేదు. వస కొమ్ము తేనెలో అరగదీసి నాలుక మీద రాసేది. తిరువళ్ళూరు స్వామి దగ్గర ఒంట్లో ఎక్కడ జబ్బుంటే ఆ అవయవం వెండి రేకులో చేయించి హుండీలో వేస్తారు, కంటికి కన్ను, కాలికి కాలు. ఒక అమావాస్యనాడు మా అత్త వెండి నాలుక కొని ఆ పిల్ల చేతనే వేయించింది. ఇంటికి వస్తూ ఉంటే పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది. నాతో ఆమె అన్న మొదటి మాట అదే.

"సా... సామికి నాలుక ఇచ్చినాము కదా. మ... మరి ఆయప్ప నాకేమిస్తాడు?"

నాకు నవ్వు వచ్చింది. ఆ పిల్లకూ వచ్చింది.

వేసవిలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేవాళ్ళం. గింజ మీద పొర చిట్లకూడదు, చిట్లితే మొలవదు. అందుకని అందరి కళ్ళూ వేళ్ళ మీదే ఉంటాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆ పిల్ల ఆ పని దగ్గర బాగా మాట్లాడేదని నేను కనిపెట్టాను. నత్తి ఉండేది, కానీ తనను చూసేవాళ్ళు లేరు కాబట్టి ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికంటా చెప్పేది. ఒకరోజు ఇద్దరమే ఒలుస్తున్నాం.

"వ... వదినా. ని... నిన్ను నేను లోపలికి రానియ్యలే."

"వచ్చేసినా కదమ్మా. ఈడే ఉండాను కదా."

"అ... అది అక్క రానిచ్చింది. నే... నేను కాదు."

అంతే. మళ్ళీ కాయలు. నేను చిన్నపిల్ల మాట అనుకున్నాను. ఆ పిల్లకు మాత్రం అది తీరని లెక్క. ఆమె వదినను ఆమె లోపలికి పిలవలేదు. పిలవనిదాన్ని వదినా అని ఎట్లా పిలవాలో తెలియక అన్ని రోజులు ఊరుకుందన్నమాట.

బడిలో పిల్లలు ఆమెను "తిక్కువాయి" అనేవాళ్ళు. అరవంలో నత్తి నోరని. వరసగా లేచి పాఠం చదవాల్సి వచ్చినప్పుడు టీచరమ్మ జాలిపడి ఆమెను వదిలేసి పక్క పిల్లకు పోయేదట. ఆ జాలి ఆ పిల్లకు తిట్టు కంటే ఎక్కువగా తగిలింది. ఇంటికి వచ్చి ఆ పాఠాన్ని నా దగ్గర చదివేది. నేను పొయ్యి ముందు, ఆమె గడప మీద. అరవంలో చదివి తెలుగులో చెప్పేది. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. తెలుగు రాదు, అరవం రాదు. వేలిముద్రే.

ఒక పాఠంలో రాజు దాహంతో బావి దగ్గరికి వచ్చాడు. బావిలో చేద దించాడు. చేద పైకి వచ్చింది. అక్కడ మాట ఆగింది. నేను అన్నం వార్చాను. పప్పు దించాను. చంటివాడిని ఎత్తుకుని వచ్చి కూర్చున్నాను. రాజు ఇంకా బావి దగ్గరే ఉన్నాడు.

"నీళ్ళు ఉండాయా చేదలో?" అన్నాను. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

పిల్ల నన్ను వింతగా చూసింది. మా మరిది అటుగా పోతూ "నీళ్ళు తాగినాడు, ఇంగ గుర్రమెక్కి పోయినాడు, అంతే కత" అన్నాడు. పిల్ల పుస్తకం మూసేసింది. ఆయన పోయాక మళ్ళీ తెరిచి, "అ... అది కాదు వదినా" అని మొదటి నుంచి చదివింది. చేదలో నీళ్ళు లేవు, ఒక కప్ప ఉంది.

ఆరోజు నాకు అర్థమైంది. చదువొచ్చిన వాళ్ళకు పుస్తకంలో తర్వాత ఏముందో తెలుసు, అందుకే అందించేస్తారు. నాకు తెలియదు. ఆ పిల్ల చెప్పేదాకా ఆగడం తప్ప నాకు దారి లేదు. నాకు చదువు లేకపోవడం ఒక మనిషికి పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. ప్రతి సాయంత్రం నాలుగున్నర బండి పోయాక పుస్తకం పట్టుకుని వచ్చేది. నత్తి తగ్గలేదు. కానీ మాట ఆగినప్పుడు ఆ పిల్ల ముఖంలో కనబడే భయం తగ్గుతూ వచ్చింది. ఆగేది, ఎక్కడికో పోయి వచ్చినట్టు మళ్ళీ అందుకునేది.

ఆరేడేళ్ళు గడిచాయి. మా మరిది మద్రాసులో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆరణి దగ్గర సంబంధం కుదిరింది. పెళ్ళి తిరుత్తణి కొండ మీద. ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున. సాయంత్రం రాహుకాలం మొదలయ్యేలోగా, అంటే నాలుగున్నర లోపల, కొత్తజంట మా ఇంట్లో కాలు పెట్టాలి.

ఆడబిడ్డకు పదమూడు దాటాయి. ఆ పెళ్ళికే మొదటిసారి పావడ మీద దావణి వేసుకుంది. మా అత్త ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: "వాకిలి అక్క పట్టుకుంటాది. నువ్వు లోపల పిలకాయల్ని చూసుకో. పెళ్ళోళ్ళ ముందర నోరు తెరవద్దు. గమ్మునుంటే లచ్చిమి మాదిరి ఉండావు. తెరిస్తే, ఈళ్ళ వంశంలోనే నత్తి ఉండాదని ఊరంతా చెప్తారు. రేపు నీకు సంబంధాలు రావద్దా?"

అత్త మాట కఠినంగా లేదు. చెబుతూ పిల్ల తల నిమురుతూనే ఉంది. మా అత్త భయమూ అబద్ధం కాదు. ఆ రోజుల్లో ఆడపిల్ల మీద ఒక మాట పడితే అది పొలిమేరలు దాటిపోయేది.

తిరుత్తణిలో కొండ కింద సత్రంలో దిగాం. కావళ్ళు మోసేవాళ్ళు, గుండ్ల మీద చందనం పూసుకున్న పిల్లలు, నెమలి ఈకలు అమ్మేవాళ్ళు, అడుగు వేయడానికి చోటు లేదు. పెళ్ళికూతురి అవ్వ మా పిల్లను చూసి ముచ్చటపడి పక్కన కూర్చోబెట్టుకుంది. "నీ పేరేమమ్మా?" అంది. పిల్ల పెదాలు కదిలించేలోపల మేనమామ ఎక్కడి నుంచో వచ్చి పడ్డాడు.

"గొంతునొప్పి అవ్వా దానికి. మాట్లాడగూడదు."

"అయ్యో, ముందే చెప్పగూడదా!" అని ఆ అవ్వ సత్రం వంటింట్లోకి పోయి మిరియాలు దంచి, పెద్ద గ్లాసు నిండా కషాయం కాచి తెచ్చింది. పక్కనే కూర్చుని, చివరి చుక్కదాకా తాగించింది. పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మేనమామ వాచీ చూసుకుంటూ పక్కకు తిరిగాడు.

తాళి కట్టడం అయ్యాక, ముగ్గు వేసి, వంట చూసి, హారతి సిద్ధం చేయమని మా అత్త నన్ను ముందు రైలుకు పంపింది. పిల్లను కూడా నాతోనే పంపింది. పెళ్ళివాళ్ళ మధ్య ఉంచడం కంటే అదే మేలని. రైల్లో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది.

"వ... వదినా."

"ఊ."

"వా... వాకిలి నేనే ప... ప..."

రైలు ఒక స్టేషన్లో ఆగింది, కదిలింది.

"పట్టుకుంటా."

"మీయమ్మ తిడతాది."

"తి... తిట్టనీ."

"అందురూ నవ్వితే?"

"న... నవ్వతారు. నవ్వేది అయిపోయినాక అ... అడగతా."

నేను అంతదాకా నవ్వుకు భయపడటమే చూశాను. నవ్వు కూడా ఒకచోట అయిపోతుందని, అయిపోయాక మన వంతు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"నువ్వు నాకు అం... అందించగూడదు" అంది. నా ఒళ్ళో నిద్రపోతున్న పిల్లవాడి తలమీద చేయి పెట్టి ఒట్టు వేశాను.

మిగతావాళ్ళు రావాల్సిన బండి ఆలస్యమైంది. స్టేషన్ నుంచి ఎద్దుల బండ్లు తోలుకుని వాళ్ళు వీధిలోకి వచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. మేనమామ బండి ఆగకముందే దూకి, వాచీ ఉన్న చెయ్యి పైకెత్తి తెలుగులోనూ అరవంలోనూ తొందరపెడుతూ అరుస్తున్నాడు. "నాలుగుంబావు దాటిపాయ! బిరీన, బిరీన! సీక్రం వాంగో!" మా పక్కింటి అరవవాళ్ళు కూడా చూడటానికి వచ్చి నిలబడ్డారు.

నేను హారతి పళ్ళెం పట్టుకుని లోపల ఉన్నాను. పిల్ల పోయి గడప లోపల నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఈసారి రెండు పక్కలూ అందాయి. ఎర్రనీళ్ళు కలిపిన చేతులు, పసుపు ఇంకా ఆరలేదు. నాకు కనబడుతున్నది ఆమె వీపు, కనకాంబరాలు పెట్టిన జడ, ద్వారబంధాన్ని బిగించి పట్టుకున్న వేళ్ళు. ఆ భుజాల మీదుగా బయట అందరి ముఖాలూ కనబడుతున్నాయి.

నా పెళ్ళిలో వాకిలి దగ్గర అడిగిన వాళ్ళక్క వగరుస్తూ వచ్చింది. ఆమెకు అప్పటికి ఇద్దరు బిడ్డలు. "జరుగు మే, నేనడగతా."

పిల్ల జరగలేదు.

"చెయ్యి తియ్యి" అంది మా అత్త పళ్ళ మధ్య నుంచి. "పిచ్చి గాని పట్టినాదా నీకు? టైము లేదు."

పెళ్ళికూతురి అవ్వ ముందుకు వచ్చి కళ్ళు చికిలించి చూసింది. "ఇది గొంతునొప్పి పిల్ల కదా?"

"అదే అవ్వా, అదే, గొంతు ఇంగా తగ్గలే దానికి..." మేనమామ అందుకున్నాడు.

"గొం... గొం... గొంతునొప్పి లేదవ్వా" అంది పిల్ల. "నా... నాకు నత్తి."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ బయటివాళ్ళ ముందు అనలేదు, అంతదాకా. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మరి నా కసాయం ఎందుకు తాగినావే, గ్లాసు నిండా?"

"మా... మామ తా... తాగమన్నాడు."

అందరూ పకపక నవ్వారు. మేనమామ తల గోక్కున్నాడు. వాళ్ళక్క నవ్వింది, పెళ్ళికూతురు తల వంచుకునే నవ్వింది. పిల్ల కదలలేదు. చేతులు దించలేదు. నవ్వు అయిపోయేదాకా ఆగింది.

అప్పుడు మొదలుపెట్టింది.

"మ్... మ్..."

ఆ శబ్దం నాకు గుర్తుంది. అదే గడప. అప్పుడు నేను బయట ఉన్నాను, ఇప్పుడు లోపల ఉన్నాను.

"మా వాకిట్లో" అని మేనమామ అందించాడు.

పిల్ల ఆగింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదటికి పోయింది. "మ్... మా వా... వా..."

"వాకిట్లో నిలబడిండేది" అని వాళ్ళక్క అందించింది.

పిల్ల ఆగింది. మళ్ళీ మొదటి నుంచి. "మ్... మ్..."

మూడోసారికి అందరికీ తెలిసిపోయింది. ఎవరైనా అందిస్తే ఈ పిల్ల మొదటికి పోతుంది. మొదటికి పోతే రాహుకాలం వస్తుంది. అందిద్దామని నోరు తెరిచిన ఒకామెను పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. మేనమామ రెండు పెదాలనూ వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ వీధి వీధంతా గమ్మునైపోయింది. పెద్దవాళ్ళు, పిల్లలు, భాష రాని పక్కింటివాళ్ళు, అందరూ ఒక పదమూడేళ్ళ పిల్ల నోటికేసి చూస్తూ ఊపిరి బిగబట్టారు. కొండ మీద హారతి వెలిగించేముందు తెర తీసేటప్పుడు జనం అట్లా నిలబడతారు. నేను తిరుత్తణిలో ఆ పొద్దునే చూశాను. ఆ సాయంత్రం మా ఇంటి ముందర మళ్ళీ చూశాను.

"మా... వా... వాకిట్లో..."

పట్టాల వైపు నుంచి కూత వినబడింది. నాలుగున్నర బండి. దడదడమని ఊరి పక్క నుంచి పోయింది. పోయేదాకా పిల్ల ఆగింది.

"ని... నిలబడిండేది... ఎ... ఎవురు? పే... పే... పేర్లు చెప్తేనే... దోవ."

చివరి మాట మేకు దిగినట్టు గట్టిగా దిగింది. ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టలేదు. మా అత్త కొంగు నోటి దగ్గర నుంచి కళ్ళ దగ్గరికి పోయింది.

మా మరిది పెళ్ళాం పేరు గట్టిగా చెప్పేశాడు. పెళ్ళికూతురి వంతు వచ్చింది. పాపం, నోరు తెరిచింది, మూసింది. చెవులు ఎర్రబడ్డాయి. వెనకున్న ఆడవాళ్ళకు అలవాటు పోదు కదా, "చెప్పేసింది, చెప్పేసింది" అని మొదలుపెట్టారు.

"ఎ... ఎవురూ అందించొద్దు" అంది మా పిల్ల. "ఆ... ఆమే చెప్తాది. నేనుంటా."

నేను పొయ్యి ముందు రాజు కోసం, కప్ప కోసం ఎట్లా ఆగేదాన్నో, అట్లాగే ఆగింది. పెళ్ళికూతురు తల ఎత్తి మా పిల్ల కళ్ళలోకి చూసింది. తర్వాత మెల్లగా, కానీ అందరికీ వినబడేటట్టు, ఆ పేరు చెప్పింది. పిల్ల చేతులు దించింది.

మేనమామ వాచీ చూసుకున్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు. "టైముండాది, టైముండాది, కాలు పెట్టండి" అన్నాడు. నాలుగున్నర బండి పోవడం అందరూ విన్నారు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. మా అత్త కూడా. ఆమె నా చేతిలో పళ్ళెం తీసుకుని హారతి తిప్పింది. ఆ రాహుకాలం ఆ ఇద్దరినీ ఏమీ చేయలేదు, ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకున్నారు.

జనం లోపలికి వస్తున్నారు. నేను వంటింటి వైపు తిరిగాను.

"వ... వదినా, నువ్వు యాడికి? బ... బయటికి పో."

నాకు అర్థం కాలేదు.

"నిన్ను నే... నేను అడగలే."

ఎప్పటి మాట! వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడు అన్న మాట. పిల్ల మళ్ళీ గడప దగ్గరికి పోయి చేతులు చాపింది. ఇంట్లోకి వచ్చినవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఎడ్లకు నీళ్ళు పెడుతున్న మా ఆయనను మేనమామ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "ఇదేంది మామా, ఇద్దురు బిడ్డలు పుట్టినాక నాకు" అని గొణుగుతూనే వచ్చి నిలబడ్డాడు. చంకలో చంటివాడు, కొంగుకు మసి, అట్లాగే నేను గడప బయట నిలబడ్డాను.

పిల్ల అడిగింది. మళ్ళీ అదే నత్తి, అవే చోట్ల ఆగింది. ఎవరూ అందించలేదు. మా ఆయన నా పేరు చెప్పాడు. ఇక నేను.

నాకు మాట రాలేదు. పేరు తెలుసు. గొంతులో ఉంది, నాలుక మీదికి వచ్చింది, పెదాల దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా కదలదు. మాట నోట్లో నిలబడిపోవడం అంటే ఏమిటో, అంతమంది చూస్తుండగా అది ఎంత పెద్దదైపోతుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల దాన్ని రోజూ మోస్తోంది, బడికి, అంగడికి, అన్నం దగ్గరికి.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు యాభై దాటాక, ఆ పిల్లే నాకు అక్షరాలు నేర్పింది. సంబంధాలు వచ్చాయి, కొన్ని పోయాయి, ఒకటి నిలిచింది. సరిహద్దు అవతల ఆంధ్రాలో ఒక ఊరికి కోడలుగా పోయి అక్కడ తెలుగు చదవడం నేర్చుకుంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది. నేను ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోయేదాన్ని. పక్కన మనవళ్ళు అందించబోతే "మీరు గ... గమ్మునుండండి" అనేది. నత్తి ఇప్పటికీ ఉంది.

ఆ రోజు గడప దగ్గర కూడా అట్లాగే నిలబడింది. తొందర లేదు. రాహుకాలం ఎటూ వచ్చేసింది. నా ముఖంలోకి చూస్తూ, నేను చెప్పబోయే మాట తనకు నిజంగా తెలియనట్టు, తెలుసుకోవాలని ఉన్నట్టు ఆగింది.

చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను.

పిల్ల చేతులు దించింది. ద్వారబంధానికి రెండు పక్కలా పసుపు చేతి గుర్తులు పడ్డాయి.

"రా వదినా" అంది. ఆ రెండు మాటల్లో ఎక్కడా ఆగలేదు.